చూసిన చోటు

అడవిలో జూలు మామ కనపడ్డాడంటూ ఈ ముప్పై మూడేళ్ళలో రెండు వందల పద్నాలుగు రిపోర్టులు వచ్చాయి. వాటన్నిటినీ పొల్లు పోకుండా రాసుకున్న మనిషికి మాత్రం ఆ మామ ఒక్కసారైనా కనపడలేదు. దేవుడనేవాడు ఇలాంటి పరాచికాలు ఆడకూడదు, కానీ ఆయనకు అదో సరదా.

రాసుకున్న మనిషి అడవి చెక్‌పోస్టులో గేటు కాపలాదారు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. కొత్త రోడ్డు పడ్డాక అటు బండ్లు రావడం మానేశాయి కనక చెక్‌పోస్టును కూడా ఆయనతోపాటే మూసేస్తున్నారు. ఆయన తమ్ముడి కూతురు అదే శాఖలో, ఊళ్ళో ఉన్న ఆఫీసులో, పటాలు గీస్తుంది. ఇద్దరు పిల్లల తల్లయినా ఆఫీసులో అందరికీ ఆమె ఇంకా పటాల అమ్మాయే. చిన్నప్పుడు బడి సెలవులన్నీ పెదనాన్న దగ్గరే గడిపింది. దిక్కులు గుర్తుపట్టడం, అడుగులతో దూరం కొలవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. కన్నతండ్రి మీద ఉన్న ప్రేమకంటే పెదనాన్న మీద పిసరంత ఎక్కువే ఉంది. ఆ సంగతి తండ్రికి కూడా తెలుసు, పాపం.

ఇక జూలు మామ గురించి రెండు ముక్కలు. పాతకాలంలో వాడిది వేరే పేరట, ఆ పేరెత్తితే పిల్లలు పక్క తడిపేవారట. ఎవరు మొదలుపెట్టారోగాని ఈ ముప్పై ఏళ్ళలో మెల్లగా మామ అయిపోయాడు. చూసొచ్చినవాళ్ళలో ఒక్కరికీ గోరంత హాని జరగకపోవడమే అందుకు కారణం. మనిషికంటే మూరెడు పొడుగు, మెడ ఉండదు, నెత్తి మీంచి మోకాళ్ళదాకా నల్లటి జూలు వేలాడుతుంటుంది. మంచులో నిలబడి కుడిచెయ్యి ఆకాశం వైపు ఎత్తుతాడు. కాసేపు కదలకుండా ఉంటాడు. చెయ్యి దించి, వంగి, మళ్ళీ లేచి వెళ్ళిపోతాడు. అంతకుమించి ఎవరి జోలికీ రాడు. మనుషుల్లోనే ఇంత మర్యాద కరువైపోయిన రోజుల్లో ఊరు వాణ్ణి మామ అనడంలో వింతేముంది?

చూసినవాళ్ళంతా లోయ చుట్టూ నాలుగు కిలోమీటర్లు నడిచి చెక్‌పోస్టుకొచ్చేవారు. అడవి సంగతి ఏదైనా గేటు దగ్గరే చెప్పాలని అక్కడి వాడుక. పెదనాన్న ముందు వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. ఊపిరి కుదుటపడ్డాక పెద్ద రిజిస్టరు తీసేవాడు. గళ్ళు ఆయనే గీసుకున్నాడు: తేదీ, వేళ, చూసిన చోటు, ఎటువైపు, ఏం చేశాడు, ఇలా ఏడెనిమిది. చెప్పినవాళ్ళ మాటకు తన మాట ఒక్కటి కలిపేవాడు కాదు. ఒకాయన "కళ్ళు నిప్పుల్లా మెరిశాయి" అంటే, "మంచులో మెరుపు కనపడిందా, లేక కనపడి ఉండాలనిపించిందా?" అని అడిగి, ఆ నిప్పులు ఆర్పి మరీ రాసుకున్నాడు. 

సెలవు దొరికిన ప్రతిసారీ పెదనాన్న ఆ చోట్లకు వెళ్ళేవాడు. చద్ది కట్టుకుని, పొదల్లో కూర్చుని, కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు. ఏమీ కనపడేది కాదు. నేల మీద అడుగుల గుర్తులు వెతికితే చెప్పుల గుర్తులు దొరికేవి. నిరాశగా ఇంటికొచ్చి, "మనవాడు ఇంకెటో వెళ్ళిపోయాడే," అనేవాడు, ఏదో పెళ్ళివారి బస్సు తప్పిపోయినట్టు.

ఈ నెల మొదట్లో ఆఫీసులో పెద్దసారు పటాల అమ్మాయిని పిలిచాడు. అడవి చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కొత్తగా కట్టిన గదిలో గోడకు పెట్టడానికి, జూలు మామ ఎక్కడెక్కడ కనపడ్డాడో చూపించే పటం కావాలన్నాడు. ఆమె ఆ రిజిస్టరు తెచ్చుకోవడానికి చెక్‌పోస్టుకు వెళితే పెదనాన్న దాన్ని గుడ్డలో చుట్టి, చంటిపిల్లను అప్పగించినట్టు చేతుల్లో పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు.

"తల్లీ, చుక్కలన్నీ పెట్టాక నీకో లెక్క తెలుస్తుంది కదా. ఏ వేళకి ఎక్కడ నిలబడితే కనపడతాడో, అది నాకు చెప్పు. ఇంకా మూడు వారాలుంది. ఎడమకన్ను ఇప్పటికే మసక. ఈ గేటు దాటి వెళ్ళేలోపు ఒక్కసారి చూడాలి. ఇంకేం వద్దు నాకు."

"కనిపెడతాను పెదనాన్నా," అంది ఆమె. మాటిచ్చేటప్పుడు మనిషికి వెనకాముందూ తెలియదు.

లెక్క మొదట్లో తేలిగ్గానే తేలింది. చూసినవాళ్ళంతా పొద్దున ఆరుంపావుకూ ఏడింటికీ మధ్యే చూశారు. వానలు మొదలైన దగ్గర్నుంచి చలి తగ్గేదాకా రిపోర్టులే రిపోర్టులు, ఎండలు ముదిరాక ఒక్కటీ లేదు. ఒక ఏడాది నలభై రోజులపాటు, మంచి వానల్లో, మామ అసలు కనపడలేదు. ఆమె ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఎర్ర చుక్కలు పెట్టడం మొదలెట్టింది. 

నూట ముప్పై చుక్కలు పెట్టాక వెనక్కి జరిగి చూస్తే ఏదో తేడాగా ఉంది. చుక్కల్లో సగానికి పైగా అడవిలో లేవు. బస్టాపు బెంచీ మీద పదకొండు. బట్టల దుకాణాల వీధిలో ఇరవై. వాటర్ ట్యాంకు పైన ఒకటి. ఇదేం విడ్డూరమని తర్వాతి రిపోర్టు తీస్తే అందులో ఇలా ఉంది: ‘చూసిన చోటు - సెలూన్ కిటికీ పక్క కుర్చీ.’

ఆమెకు నవ్వాగలేదు. ఒళ్ళంతా జూలున్న మామ సెలూన్‌లో కుర్చీ ఎక్కి కూర్చున్నాడంటే క్షౌరం చేసేవాడి గతేం కావాలి? వెంటనే పెదనాన్నకు ఫోన్ చేసింది.

"పెదనాన్నా, చూసిన చోటని రాశావు కదా, అంటే మామ ఉన్న చోటేనా?"

"అదెలా అవుతుంది?" అన్నాడాయన. "చూసినవాళ్ళున్న చోటు. సెలూన్లో గడ్డం గీయించుకుంటూ కిటికీలోంచి చూశాట్ట ఆయన. సబ్బు నురగ తుడుచుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు."

"మరి మామ ఎక్కడున్నాడో రాయలేదేం?"

"నేను చూశానా, రాయడానికి? వాళ్ళు నిలబడ్డ చోటు వాళ్ళకు తెలుసు, అది రాశా. ఎటు చూశారో తెలుసు, అదీ రాశా. మంచులో దూరం ఎవడికి తెలుస్తుంది? తెలియంది రాస్తే రికార్డు అవుతుందా, కథ అవుతుంది."

ఆమె ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది. చూసిన చోటంటే చూసినవాళ్ళ చోటూ అవుతుంది, చూడబడ్డవాడి చోటూ అవుతుంది. మన భాషే ఇక్కడ రెండు పడవల మీద కాలు పెట్టింది. ఆమె గీసిందంతా జూలు మామ పటం కాదు, ఊరి జనం పటం. ఇన్నేళ్ళుగా పెదనాన్న కూడా సెలవుపెట్టి మరీ వెళ్ళి, జనం నిలబడ్డ చోట నిలబడి, జనం నడిచిన నేల మీద అడుగులు వెతికాడు. ఆయన రాతలో తప్పు లేదు. రాసింది తీసుకుని వెతకడంలో మాత్రం, తన మాటే తను మరిచి, ఎవరో చూసిన చోటే మామ ఉన్న చోటనుకున్నాడు. అంత నికార్సైన మనిషి అంత చిన్న పొరపాటు చేయడం చూసి ఆమెకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

మర్నాడు ఆమె స్కేలు తీసింది. ‘ఎటువైపు’ గడిలో ఆయన ‘అటు, ఇటు’ అని రాయలేదు. ‘ట్యాంకు అంచుకూ ఎండిన చెట్టుకూ సూటిగా’ అని, ‘బడి గోడ మూల మీదుగా’ అని కచ్చితమైన గుర్తులు రాశాడు. ఒక్కో చుక్క నుంచి ఒక్కో పెన్సిల్ గీత లోయ మీదుగా లాగింది. ఇరవై గీతలయ్యేసరికి అవి ఒకేవైపు మొగ్గుతున్నట్టు తోచింది. యాభై అయ్యేసరికి అనుమానం లేకపోయింది. సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు, రెండు వందల పద్నాలుగు గీతల్లో రెండు వందల తొమ్మిది ఒక్కచోటే ముడిపడ్డాయి.

అక్కడ పటం మీద ఆరేళ్ళ కిందట తన చేత్తోనే పెట్టిన ఒక చిన్న నీలం గుర్తుంది. అది వాన కొలిచే డబ్బా. చెక్‌పోస్టు వెనక మిట్ట మీద, పెద్ద బండ పక్కన ఉంటుంది. ఊరివైపు నుంచి చూస్తే చెక్‌పోస్టు బండ చాటున పడుతుంది, మిట్ట ఒక్కటే కనపడుతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచి చలి తగ్గేదాకా పెదనాన్న రోజూ పొద్దున ఆరున్నరకు నెత్తిన కంబళి కప్పుకుని అక్కడికి వెళతాడు. డబ్బాలో నీళ్ళు కొలిచే గాజుగ్లాసులో పోసి, వెలుతురుకు ఎత్తిపట్టి, ఎన్ని గీతలొచ్చాయో చూస్తాడు. ఆ నలభై రోజులూ ఆయన కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత పెదనాన్న మొహం గుర్తొచ్చింది. ఈ మాట ఆయనతో ఎలా చెప్పాలి? చెబితే ముప్పై మూడేళ్ళ ఆశ చెత్తబుట్టలో పడుతుంది. చెప్పకపోతే ఈ మూడు వారాలూ మసక కళ్ళతో ఎక్కడెక్కడో నిలబడి లేనివాడి కోసం చూస్తాడు. ఏం చేయాలో తోచక వారమంతా ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆదివారం పొద్దున ఇక తప్పదని పటం చుట్ట పట్టుకుని వెళ్ళింది.

చెక్‌పోస్టులోనే ఉన్న వాళ్ళ ఇల్లు సగం ఖాళీ అయింది. పెద్దమ్మ నేల మీద కూర్చుని గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. పెదనాన్న గబగబా బల్ల మీద సామాను పక్కకు నెట్టి పటం పరిచాడు. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. పటం చదవడం నేర్పిన మనిషికి పటం ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. ఆయన వేలు సెలూన్ దగ్గర మొదలై, గీత వెంబడి లోయ దాటి, మిట్ట ఎక్కి ఆగింది. బస్టాపు నుంచి బయల్దేరింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"అన్నీ ఇక్కడికే వచ్చాయే," అన్నాడు. "ఇది మన బండ కదూ? డబ్బా పెట్టిన బండ."

"అవును పెదనాన్నా."

ఆయన ఇంకో నాలుగు గీతల వెంట వేలు పోనిచ్చాడు. తలెత్తేసరికి మొహం వెలిగిపోతోంది.

"అంటే మామ నా వెనకే ఉండేవాడన్నమాట! నేను డబ్బా మీదికి వంగి చుక్కలు లెక్కపెట్టుకుంటుంటే, నా వీపు వెనకే నిలబడేవాడు. ఇన్నేళ్ళూ తోడున్నాడమ్మడూ! నేనే, దద్దమ్మని, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పటాల అమ్మాయికి నాలుక చివరిదాకా వచ్చింది ‘అవును’ అనే మాట. అనేస్తే ఏం పోతుంది? ఆయన సంతోషంగా గేటు దాటి వెళతాడు. కానీ ఎదురుగా ఉన్నది నిప్పు కళ్ళు ఆర్పి మరీ రాసుకున్న మనిషి. ఆయనకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి మనసు రాలేదు. అలాగే గుడ్లప్పగించి నిలబడింది. గిన్నెలు చుడుతున్న పెద్దమ్మ చేతులు కూడా ఆగాయి.

"ఏం చేసేవాడని రాశాను? చదువు ఒకసారి."

ఆమె రిజిస్టరు తెరిచి చదివింది. "కుడిచెయ్యి పైకెత్తి, కళ్ళ ఎదురుగా పెట్టుకుని, కాసేపు కదలకుండా ఉండి..."

"ఇలాగా?" అంటూ ఆయన చెయ్యి ఎత్తాడు.

చెయ్యి కంటి ఎదుటికి వచ్చి తనంతట తనే ఆగింది. ముప్పై మూడేళ్ళుగా రోజూ ఆగే చోటే ఆగింది. లేని గ్లాసును పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకున్నాయి. పెదనాన్న ఆ వేళ్ళవంక చూశాడు. తర్వాత తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న నల్ల కంబళివంక చూశాడు. నెత్తిన కప్పుకోవడానికి ఒక మూల ముడేసి ఉంది, అంచులన్నీ చిరిగి పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. చెయ్యి మెల్లగా దించి కుర్చీలో కూలబడ్డాడు.

"రెండు వందల పద్నాలుగు సార్లు," అన్నాడు చివరికి. "టీ కాచిపోసి, మెడ ఉందా, జూలుందా అని అడిగి, నా గురించి నేనే రాసుకున్నానా? ఊరు ఊరంతా నవ్వుతుంది తల్లీ. నవ్వితే నవ్వనీ. చూస్తాననుకున్నానే, అదీ బాధ."

పటాల అమ్మాయి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏడుపొచ్చేట్టుంది ఆమెకు. పెద్దమ్మ మాత్రం గిన్నె పక్కన పెట్టి లేచింది.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాట్ట వెనకటికొకడు," అంది.

పెదనాన్న చటుక్కున తల తిప్పాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందునుంచే."

చెప్పడానికి బదులు పెద్దమ్మ రిజిస్టరు తీసుకుని మొదటి పేజీల్లోకి తిప్పింది. తొమ్మిదో రిపోర్టు, పద్నాలుగు, పదిహేడు. మూడింట్లోనూ చూసినవారు: ‘టైలరింగ్ షాపులో కుట్టుపని చేసే అమ్మాయి.’ చూసిన చోటు: ‘షాపు మేడ మెట్లు.’ ఆ అమ్మాయి రిపోర్టు ఇవ్వడానికి రావడంతోనే వాళ్ళిద్దరికీ పరిచయమని పటాల అమ్మాయికి తెలుసు. ఇంట్లో అందరూ చెప్పుకునే మాటే. కానీ మూడుసార్లు వచ్చిందని ఎవరూ లెక్కపెట్టలేదు.

"మొదటిసారి నిజంగానే జడుసుకున్నా," అంది పెద్దమ్మ. "పడుతూ లేస్తూ ఇక్కడికొస్తే మీరు టీ ఇచ్చారు. తలుపు వెనక కంబళి నీళ్ళు కారుతోంది. పోగులు చూస్తే బట్ట కుట్టేదానికి తెలియదా? ఇదేరా నాయనా ఆ జూలు అనుకున్నా."

"మరి రెండోసారి ఎందుకొచ్చావు?"

"పెదనాన్నా!" అంది పటాల అమ్మాయి, నవ్వూ ఏడుపూ కలిసొచ్చి.

ఆయనకు అప్పుడు వెలిగింది. వెలిగినా పట్టు వదల్లేదు. "తెలిసి తెలిసి తప్పుడు రిపోర్టు ఇచ్చావన్నమాట. అదీ మూడోసారి కూడా."

"తప్పుడేముంది? చూశానని చెప్పా. చూశాను. ఎవర్ని చూశావని మీరు అడిగారా?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం మరి?"

పెద్దమ్మ కంబళి మేకు మీంచి తీసి మడతపెట్టసాగింది. "ఈ గేటుకి మనుషులొచ్చేదే ఆ మామ పుణ్యాన. వస్తే కూర్చుంటారు, మాట్లాడతారు, మీరు ఆ పూటంతా హుషారుగా ఉంటారు. నేను నిజం చెప్పి ఆ నాలుగు మాటలూ కూడా లేకుండా చెయ్యనా? నా వల్ల కాలేదు."

పెదనాన్న పటంవైపు తిరిగాడు. వేలు పెట్టి వెతికి, "ఈ ఐదు గీతలూ ఇటు రాలేదేం?" అన్నాడు.

"తెలీదు పెదనాన్నా. అవెటో అడవిలోకి పోయాయి."

"చూశావా!" అన్నాడు భార్యతో. "వీటి సంగతి రిటైరయ్యాక చూస్తా."

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట," అంది పెద్దమ్మ.

"రేపు పెద్దసారుకి ఏం ఇవ్వమంటావు?" అని అడిగింది పటాల అమ్మాయి.

"ఉన్నదున్నట్టు ఇవ్వు. నవ్వుకుంటే నవ్వుకుంటారు." అంటూనే ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. తొమ్మిదో రిపోర్టు చివర ఒక గడి ఖాళీగా ఉంది. పద్నాలుగులో, పదిహేడులో కూడా అంతే. ఆ గడి పేరు ‘చూసినప్పుడు ఏమనిపించింది’. అప్పట్లో అడిగితే ఆ అమ్మాయి తల వంచుకుని నవ్విందట, జవాబు చెప్పలేదట. చెప్పంది రాయకూడదు కనక ఆయన వదిలేశాడు. ఇప్పుడు కలం మూత తీశాడు.

"చెప్పు."

"ఇప్పుడా? పిల్ల ముందా?"

"రికార్డు ఖాళీగా ఉంచి అప్పగించకూడదు. మొదటిసారి?"

"భయమేసింది. రాసుకోండి."

రాసుకున్నాడు. "రెండోసారి?"

పెద్దమ్మ కంబళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అంత చలిలో ఒక్కడే నిలబడి, ఒక్క చుక్క తేడా రాకుండా చూసుకుంటున్నాడే, ఇతనికి ఎవరైనా ఉన్నారో లేరో అనిపించింది."

ఆయన మెల్లగా రాశాడు. మధ్యలో రెండుసార్లు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మూడోసారి?"

"మూడోసారి కూడా నేనే చెప్పాలా? ఆ తర్వాత రెండు నెలలకు పెళ్ళయింది. చూసి రాసుకోండి."

పెదనాన్న కలం గాల్లోనే చాలాసేపు ఉంచాడు. తర్వాత, ఆ రిజిస్టరులో ఎన్నడూ తన మాట ఒక్కటి రాయని మనిషి, మూడో గడిలో రెండు మాటలు రాశాడు. పటాల అమ్మాయి భుజం మీంచి వంగి చదివింది. ‘నాకు తెలియలేదు.’

పెద్దమ్మ కూడా లేచొచ్చి, వంగి చదివింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

"ఇప్పుడు తెలిసిందిగా," అంది. "లేవండి, గిన్నెలు కట్టాలి."